కొండలు మోసే వీరులూ, కాపురం మొయ్యలేని కథలూ

కళ్ళజోడు పెట్టుకున్నంత మాత్రాన మనిషి మారిపోతాడా? ముందు ఈ సంగతి తేల్చండి, తరవాత మిగతాది మాట్లాడుకుందాం.

ఎందుకంటే, 1938లో పుట్టిన సూపర్‌మాన్ బొమ్మల కథ ఇన్నేళ్ళూ నిలబడింది ఒక కళ్ళజోడు మీదే. జోడు పెట్టుకుంటే ఆయన క్లార్క్ కెంట్. మెట్రోపొలిస్ అనే మహానగరంలో 'డెయిలీ ప్లానెట్' పత్రికలో పనిచేసే నెమ్మదస్తుడైన విలేఖరి. జోడు తీసేస్తే ఆకాశంలో ఎగిరే సూపర్‌మాన్. అదే ఆఫీసులో పక్క బల్ల దగ్గర కూర్చునే లోయిస్ లేన్‌కి, ఊళ్ళో అందరి రహస్యాలూ లాగి అచ్చేసే ఆ మహా విలేఖరికి, ఇద్దరూ ఒక్కరేనన్న సంగతి ఏళ్ళ తరబడి అంతుపట్టదు. మన వీధిలో అయితేనా? రెండోరోజు పొద్దున్నకల్లా ఎదురింటావిడ కనిపెట్టేసి, పాలవాడు మూడో ఇల్లు దాటేలోగా నాలుగో ఇంటికి చేరవేసి, "ఏమండీ కెంట్ గారూ, మీ అబ్బాయి రాత్రి డాబా మీంచి ఎగిరాడుటగా! వర్షం వస్తుందేమో, వడియాలు తీసి పెట్టమని చెప్పండి" అని పని కూడా పురమాయించేసేది.

ఇలా నవ్వుతున్నానని నన్ను ఈ పుస్తకాల శత్రువు కింద జమకట్టకండి. బొంబాయి నుంచి 1964లో ఇంద్రజాల్ కామిక్స్ రావడం మొదలుపెట్టి 1990లో ఆగిపోయేదాకా, అద్దె పుస్తకాల షాపులో డబ్బులు పోసి తెచ్చుకుని, ఒక చేత్తో గరిటె తిప్పుతూ ఇంకో చేత్తో పేజీ తిప్పినదాన్ని. ఇప్పుడు మా మనవడు తెచ్చుకునే అమెరికా పుస్తకాలు వాడికంటే ముందు నేనే చదివి, "ఇందులో ఎవరు చచ్చిపోతారో చెప్పనా?" అని వాణ్ణి బెదిరిస్తూ ఉంటాను. వాడు నాకు కాఫీ కలిపి ఇస్తాడు, చెప్పకుండా ఉండడానికి.

అభిమానిని కాబట్టే అభియోగం. ఈ కథలు రాసేవాళ్ళకి గ్రహాలు బద్దలుకొట్టడం వచ్చు. చచ్చినవాణ్ణి లేపడం వచ్చు. కాలాన్ని ముందుకీ వెనక్కీ తిప్పడం మంచినీళ్ళప్రాయం. ఒక మగవాణ్ణీ ఒక ఆడదాన్నీ ఒక ఇంట్లో పెట్టి, పదేళ్ళు కాపురం చేయించడం మాత్రం చాతకాదు. విలన్ ఎంత బలవంతుడైనా జంకని ఆ కలాలు, పెళ్ళనేసరికి గడగడా వణుకుతాయి.

ఆడవాళ్ళ పనిని వాళ్ళు ఎలా లెక్కపెడతారో బట్టల దగ్గరే తెలిసిపోతుంది. పాత కథల్లో సూపర్‌మాన్ వేసుకున్న నీలం, ఎరుపు దుస్తులు ఎవరు తయారుచేశారనుకున్నారు? పెంచిన తల్లి మార్తా కెంట్. పసివాడు రాకెట్‌లో వచ్చి పడ్డప్పుడు అందులో దొరికిన దుప్పట్లని పోగు పోగూ విప్పి, ఆ దారంతో తయారుచేసిందా మహాతల్లి. ఆ దారం ఏ కత్తెరకీ తెగదు. పిల్లాడి చూపుల్లో ఉండే వేడితో తెంపుకుందిట. పొలం పనీ, ఇంటి పనీ, ఎగిరే పిల్లాణ్ణి పెంచే పనీ చేసుకుంటూ, తుపాకీ గుండు దిగని బట్ట తయారుచేసిన మనిషికి ఏ అద్భుతశక్తీ లేదని రాశారు! అదే పని ఒక మీసాలాయన చేసి ఉంటే 'మహా శాస్త్రజ్ఞుడు' అని పేరు పెట్టి, విడిగా ఇంకో పుస్తకం తీసేవారు. స్పైడర్‌మాన్ పీటర్ పార్కర్ ఈ విషయంలో నయం. తన బట్టలు తానే కుట్టుకున్నాడు. ఆ ఒక్క గుణానికే నేను మొదటినుంచీ అతని పక్షం.

సరే, లోయిస్ దగ్గరికొద్దాం. ఆవిడ పాఠకులకి బాగా నచ్చేసరికి 1958లో ఆవిడ పేరుతోనే వేరే పుస్తకం మొదలుపెట్టారు. సంతోషించబోయి పేరు చూస్తే, 'సూపర్‌మాన్ గర్ల్‌ఫ్రెండ్ లోయిస్ లేన్' అని ఉంది. సొంత పుస్తకంలో కూడా ఇంటిపేరు ఆయనదే! అది 1974 దాకా 137 సంచికలు వచ్చింది. కథలు ఎక్కువభాగం ఒక్క మూసలోవే. లోయిస్ ఈ రహస్యం కనిపెట్టబోతుంది. సూపర్‌మాన్ ఆవిడకి 'బుద్ధి చెప్పడానికి' ఒక పెద్ద నాటకం ఆడతాడు. ఆవిడ ఏడుస్తుంది. ఆయన పాఠకుల వైపు తిరిగి కన్ను గీటుతాడు. అవతల ఊళ్ళో ఆనకట్ట తెగిపోతోందో ఏమో గానీ, లోకరక్షకుడుగారు మాత్రం ఒక ఆడపిల్లని ఏడిపించడానికి తీరిక చేసుకుంటాడు. ఇటువంటి పెళ్ళికొడుకు మన ఇంటికి సంబంధానికొస్తే, ఎగరడం వచ్చినా సరే, కాఫీ ఇచ్చి పంపించేస్తాం.

పాఠకులేమో పెళ్ళి పెళ్ళి అని గోల. దానికి వాళ్ళొక ఉపాయం పన్నారు. 1960లో లోయిస్ పుస్తకంలోనే ఒక 'ఊహాకథ' వేశారు. అంటే, ఇది నిజంగా జరిగింది కాదు, జరిగితే ఎలా ఉంటుందో చూడండి అని. సూపర్‌మాన్ కథే కల్పితం కదా, అందులో మళ్ళీ ఇది కల్పితమని విడిగా చెప్పడం ఏమిటో! ఆ కథలో ఇద్దరికీ పెళ్ళవుతుంది. కానీ తాను సూపర్‌మాన్ భార్యనని ఆవిడ ఎవరితోనూ చెప్పుకోకూడదు. లోకం దృష్టిలో కళ్ళజోడు క్లార్క్‌గారి ఇల్లాలు, అంతే. ఇలాంటి ఊహాకథలు ఆ తరవాత బోలెడు వచ్చాయి. పెళ్ళికూతురు చీర మడత నలగకుండా, ఒక్క సంచికలో పెళ్ళి చేసి, ఆఖరి పేజీలో వెనక్కి తీసేసుకోవడం. 1978లో ఇంకో భూమి మీద ఉండే ఇంకో సూపర్‌మాన్‌కి నిజంగానే పెళ్ళి చేశారనుకోండి. కానీ మనకి తెలిసిన పెళ్ళికొడుకు పెళ్ళి ఆపేసి, వాళ్ళ పెదనాన్నగారి అబ్బాయికి చేశామంటే ఎవరూరుకుంటారు?

ఇక్కడ కథ పక్కన పెట్టి, కాగితానికి ఇవతల ఉన్న లోయిస్ గురించి చెప్పాలి. చాలామంది అభిమానులకి కూడా ఈవిడ సంగతి తెలియదు.

సూపర్‌మాన్‌ని సృష్టించింది క్లీవ్‌లాండ్ నగరంలో ఇద్దరు కుర్రాళ్ళు. జెర్రీ సీగెల్ కథ రాసేవాడు, జో షూస్టర్ బొమ్మలు వేసేవాడు. 1930లలో, ఆర్థిక మాంద్యం రోజుల్లో, ఆ ఊళ్ళోనే ఒక అమ్మాయి నాలుగు డబ్బులు సంపాదించుకుందామని, మోడల్‌గా పనిచేస్తానంటూ పేపర్లో చిన్న ప్రకటన ఇచ్చింది. అది చూసి షూస్టర్ పిలిపించాడు. ఆ అమ్మాయిని ఎదురుగా కూర్చోబెట్టుకుని గీసిన బొమ్మే లోయిస్ లేన్. ఆ అమ్మాయి పేరు జోవాన్. 1938లో ఆ కుర్రాళ్ళు సూపర్‌మాన్ మీద హక్కులన్నీ ప్రచురణకర్తలకి 130 డాలర్లకి రాసి ఇచ్చేశారు. అక్షరాలా నూట ముప్పై. బొమ్మ కోట్లు సంపాదించింది. 1947లో ఇద్దరూ కోర్టుకెక్కితే, చివరికి తమ బొమ్మ మీద తమ పేరు కూడా పోగొట్టుకుని బయటపడ్డారు. ఆ కష్టకాలంలో, 1948లో, జోవాన్ జెర్రీ సీగెల్‌ని పెళ్ళి చేసుకుంది. చూశారా, కాగితం మీది లోయిస్‌కి ముహూర్తం కుదరక తిప్పలు పడుతుంటే, అసలు లోయిస్ ఆ కథ రాసినాయన్నే చేసుకుంది! అదీ ఆయన చేతిలో ఏమీ లేని రోజుల్లో.

1959లో సీగెల్ మళ్ళీ వాళ్ళ దగ్గరే, పేరు లేకుండా, తాను కన్న బిడ్డకే కథలు రాసిపెట్టాడు. కన్నతల్లి దాదిగా కుదిరిందన్నమాట. 1975లో, సూపర్‌మాన్ సినిమాకి సన్నాహాలు జరుగుతున్న రోజుల్లో, ఈ అన్యాయం గురించి ఆయన పత్రికలకి ఎక్కాడు. తోటి చిత్రకారులు అండగా నిలబడ్డారు. కంపెనీవారు దిగివచ్చి ఇద్దరికీ ఏడాదికి 20,000 డాలర్ల చొప్పున పింఛనూ, పుస్తకాల మీద పేర్లూ ఇవ్వడానికి ఒప్పుకున్నారు. 1996లో ఆయన పోయాక జోవాన్ కూతుర్ని వెంటబెట్టుకుని హక్కుల కోసం మళ్ళీ పోరాటం మొదలుపెట్టింది. 93 ఏళ్ళ వయస్సులో, 2011లో, కన్నుమూసేదాకా ఆ పట్టు వదల్లేదు. ఆ మరుసటి ఏడాది, 1938లో ఆ 130 డాలర్లు కూడా కలిపి ఇచ్చిన పాత చెక్కు కాగితం వేలంలో 1,60,000 డాలర్లకి అమ్ముడుపోయింది. హక్కుల ఖరీదు కంటే రశీదు ఖరీదు ఎక్కువ పలకడం నేనింకెక్కడా వినలేదు.

కాగితం మీది లోయిస్‌ని మాటిమాటికీ మేడ మీంచి పడేస్తారు, ఆయనొచ్చి పట్టుకుంటాడు. కాగితం ఇవతలి లోయిస్ పడిపోయిన మొగుణ్ణి అరవై ఏళ్ళకి పైగా పట్టుకునే ఉంది. అందులో పదిహేనేళ్ళు ఆయన లేకుండానే. ఈ రెండోది బొమ్మలుగా వేసిన పుస్తకం నేను చూడలేదు. వేస్తే మొదటి కాపీ నేనే కొంటాను.

మళ్ళీ కథలోకి. 1990లో క్లార్క్‌కీ లోయిస్‌కీ నిశ్చితార్థం జరిగింది. 1991లో ఆయన తన నోటితో తానే రహస్యం చెప్పేశాడు. యాభై మూడేళ్ళ తరవాత! హమ్మయ్య, పప్పన్నం పెడతారు అనుకున్నాం. ఇంతలో టెలివిజన్‌వాళ్ళు లోయిస్, క్లార్క్‌ల మీద కొత్త ధారావాహిక తలపెట్టారు. అక్కడా ఇక్కడా పెళ్ళి ఒక్కసారే జరిపిస్తే బాగుంటుంది, కొన్నాళ్ళు ఆగండి అన్నారు పైవాళ్ళు. రచయితల దగ్గర ఏడాదికి సరిపడా కథ పెళ్ళి మీద అల్లి పెట్టుకుని ఉంది. ఇప్పుడు ఆ ఖాళీలో ఏం వెయ్యడం? ఏం వేశారో తెలుసా? పెళ్ళికొడుకుని చంపేశారు.

హాస్యానికి అనడం లేదు. 1992 నవంబరులో వచ్చిన ఆ సూపర్‌మాన్ చావు సంచిక కోసం జనం దుకాణాల ముందు వరసలు కట్టారు. లక్షల ప్రతులు అమ్ముడుపోయాయి. 1993లో లేచి వచ్చాడు, అది వేరే సంగతి. ముహూర్తం వాయిదా పడితే మనం మహా అయితే పందిరివాడికి అడ్వాన్సు వదులుకుంటాం. వీళ్ళు వరుణ్ణే వదులుకున్నారు. ఎట్టకేలకి 1996లో పెళ్ళి జరిగింది, టీవీలోనూ, పుస్తకంలోనూ.

ఈ చావూ పెళ్ళీ పక్కపక్కన పెట్టి చూస్తే, ఈ వ్యాపారం గుట్టు తెలుస్తుంది. ఈ పుస్తకాల్లో చావుకి విలువ లేదు. చచ్చినవాడు తిరిగొస్తాడు, నెల తిరిగేసరికి అంతా మామూలే. నెలనెలా కొత్త సంచిక రావాలి, కొత్త పాఠకుడు ఎక్కడ తెరిచినా వీరుడు మొదటిరోజు ఉన్నట్టే ఉండాలి. పెళ్ళి అలాంటిది కాదు. ఇద్దరు మనుషులు ఒక ఇంట్లో ఉంటే రోజులు కదులుతాయి. పిల్లలు పుడతారు, వాళ్ళకి పళ్ళొస్తాయి, ఫీజులు కట్టాలి, జుట్టు నెరుస్తుంది. క్రిప్టొనైటు రాయికి తట్టుకునే కంపెనీలు కాలానికి తట్టుకోలేవు. అందుకే వాళ్ళకి విలన్ల కంటే పెళ్ళాలంటే భయం.

నమ్మకం కుదరకపోతే ఆ తరవాత ఏం జరిగిందో చూడండి. 2011లో కంపెనీవారు పుస్తకాలన్నీ ఒకటో నంబరు నుంచి మళ్ళీ మొదలుపెడుతూ, ఈ పదిహేనేళ్ళ కాపురాన్ని పలకమీద లెక్కలా తుడిచేశారు. కొత్త సూపర్‌మాన్ బ్రహ్మచారి! పాఠకులు సణిగారు. 2015లో పాత జంటని వెనక్కి తెచ్చి, వాళ్ళకొక కొడుకుని ఇచ్చారు, జోనథన్ అని. 2016 తరవాత రెండేళ్ళపాటు వచ్చిన కథల్లో తండ్రీ తల్లీ పిల్లాడూ పల్లెటూరి పొలంలో ఇల్లు పెట్టుకుని ఉంటారు. సూపర్‌మాన్ పుస్తకాల్లో నాకు అన్నిటికంటే నచ్చినవి అవే. ప్రపంచంలోకెల్లా బలమైన తండ్రి, పదేళ్ళ కొడుక్కి కోపం ఆపుకోవడం ఎలా నేర్పాలో తెలియక తికమకపడుతూ ఉంటాడు. ఏ రాక్షసుడూ అంత చెమట పట్టించలేదు ఆయనకి. ఆ ఇంట్లో నేను కూడా ఒక గది అద్దెకి తీసుకున్నట్టు ఉండేది.

ఉండనిస్తారా? 2018లో రచయిత మారాడు. పిల్లవాణ్ణి తాతగారితో అంతరిక్షంలోకి పంపించారు. కొద్ది వారాల్లో తిరిగొచ్చాడు, పదిహేడేళ్ళ వాడై! అక్కడ కాలం వేరుగా నడుస్తుందిట. వేసవి సెలవలకి తాతగారింటికి పంపిన పిల్లాడు మీసాలతో దిగితే ఏ తల్లి ఊరుకుంటుంది? పదేళ్ళ నుంచి పదిహేడు దాకా, బిడ్డ ఎదుగుదల చూసుకునే ఏడేళ్ళు, లోయిస్ దగ్గర్నుంచి దొంగిలించేశారు. కొట్టి చంపే విలన్ల మీద కూడా నాకంత కోపం రాలేదు. పిల్లాడి బాల్యం కథకి అడ్డమని తోచిన ఆ మగమహారాజు ఎవరో ఏనాడూ ట్యూషన్ మాస్టారితో మాట్లాడి ఎరగడని నా అనుమానం.

కాపురం విలువ తెలిసిన వీరుడు ఒక్కడున్నాడు, మన ఇంద్రజాల్ కామిక్స్ ఫాంటమ్. డెంకాలి అడవుల్లో పుర్రె గుహలో ఉంటాడు, నడిచే భూతమంటారు, నాలుగువందల ఏళ్ళుగా చావులేదని అడవి జనం నమ్మకం. అసలు రహస్యం మనకి తెలుసు. తండ్రి పోతే కొడుకు ఆ ముసుగు వేసుకుంటాడు. ఇప్పటివాడు ఇరవై ఒకటోవాడు. ఇప్పుడు ఆలోచించండి. ఆ 'చావులేనితనం' ఎక్కణ్ణుంచి వచ్చింది? ఇరవైమంది ఇల్లాళ్ళు పురుళ్ళు పోసుకుంటే వచ్చింది! పురుటి నొప్పులు వాళ్ళవీ, అమరత్వం ఆయనదీను. అయినా ఆయన వంశానికి ఆ గ్రహింపు ఉంది కాబట్టి మన్నిస్తున్నాను. లీ ఫాక్ అనే రచయిత 1936లో ఈ కథ మొదలుపెట్టినప్పుడే డయానా పామర్ అందులో ఉంది. పెళ్ళి 1977లో జరిగింది. నలభై ఒక్క ఏళ్ళ నిరీక్షణ! అయితేనేం, చేసుకున్నాక వెనక్కి తియ్యలేదు. 1979లో కవలపిల్లలు పుట్టారు, కిట్ అనీ హెలోయిస్ అనీ. డయానా ఐక్యరాజ్యసమితిలో ఉద్యోగం. ఆయన గుర్రం మీద అడవిలో తిరుగుతాడు, ఆవిడ విమానం మీద దేశాలు తిరుగుతుంది. ఎవరి కారియర్ వారు కట్టుకోవలసిందే. ఉద్యోగస్తురాలైన ఇల్లాలిని ఇంత మామూలుగా తీసుకున్న వీరుడు ఇంకొకడు కనబడడు, పైగా కరెంటు కూడా లేని గుహలో.

అద్భుతశక్తులు ఆడవాళ్ళకే ఇస్తే ఏమవుతుందీ అంటారా? అదీ చేశారు. విలియం మార్స్టన్ అనే మనస్తత్వ శాస్త్రజ్ఞుడు 1941లో వండర్ ఉమన్‌ని సృష్టించాడు. ఆవిడ దగ్గరొక తాడుంటుంది, అది చుట్టితే ఎవరైనా నిజం చెప్పవలసిందే. ఒక గజం దొరికితే, ఆఫీసు నుంచి ఆలస్యంగా వచ్చేవాళ్ళ కోసం గుమ్మం పక్కన తగిలించుకోవచ్చు. మరి అంతటి మనిషిని 1942లో వీరుల సంఘంలో చేర్చుకుని ఏ పని ఇచ్చారనుకున్నారు? సెక్రటరీ పని! మగవాళ్ళు యుద్ధానికెళితే ఆవిడ మీటింగు మినిట్స్ రాసుకోవడం. 1968లో ఆవిడ శక్తులన్నీ ఊడబెరికి బట్టల దుకాణం కూడా పెట్టించారు, 1973లో గానీ తిరిగి ఇవ్వలేదు. ఆవిడ గురించి ఇంతకంటే రాస్తే నాకు రక్తపోటు.

ఫెంటాస్టిక్ ఫోర్ అనే నలుగురి జట్టులో సూ స్టార్మ్‌ది ఇంకో రకం. 1961లో ఆవిడకిచ్చిన శక్తి, ఎవరికీ కనపడకుండా మాయమైపోవడం. దానికో శాస్త్రీయ ప్రమాదం, కాస్మిక్ కిరణాలూ ఎందుకండీ? పెళ్ళివారింట్లో వంటింట్లో ఉన్న ఏ ఆడదాన్నడిగినా ఎలా మాయమవ్వాలో చెప్పేది. 1965లో పెళ్ళయింది, 1968లో కొడుకు పుట్టాడు, అయినా 1985 దాకా ఆవిడ పేరు 'ఇన్విజిబుల్ గర్ల్' - కనపడని పిల్ల. పదిహేడేళ్ళ బాలెంతరాలు పిల్లేమిటి? అప్పుడు 'ఉమన్' అని మార్చారు. నలుగురిలోనూ అసలు బలం ఈవిడదేనని నా అభిప్రాయం. ఆయన ప్రయోగశాలలో పడి అన్నం మరిచిపోతాడు, ఈవిడ అదృశ్యమైన గోడలు కట్టి అందర్నీ కాపాడుతుంది. ఇక్కడొక మెలిక ఉంది, గమనించారా? వీళ్ళ పెళ్ళి 1965 నుంచీ నిలిచే ఉంది. కొట్టుకున్నారు, విడిగా ఉన్నారు, కలిశారు. పుస్తకం మాత్రం మునిగిపోలేదు. పెళ్ళయితే వీరుడు ముసలివాడైపోతాడని వాదించేవాళ్ళకి వాళ్ళ కంపెనీలోనే జవాబుంది.

ఆ వాదనకి బలైపోయినవాడు నా పీటర్ పార్కర్. తల్లీతండ్రీ లేని పిల్లాణ్ణి పెంచిన మే పెద్దమ్మ అంటే నాకు మొదటినుంచీ అభిమానం. 1962 నుంచీ ఆవిడకి ఎప్పుడూ గుండెనొప్పే, ఎప్పుడూ అద్దె బాకీయే, అయినా పిల్లాడికి గోధుమ అట్లు వేసి పెట్టకుండా ఉండదు. ఓసారి, 1974లో, ఆవిడకి కెనడాలో అణుకేంద్రం ఉన్న దీవి ఒకటి వారసత్వంగా వచ్చింది. అది తెలిసి ఆరు చేతుల విలన్ డాక్టర్ ఆక్టోపస్ ఆవిడని పెళ్ళాడడానికి పీటల దాకా వచ్చాడు. కట్నం కోసం ఏ వయసువాళ్ళనైనా చేసుకునేవాళ్ళు అమెరికాలోనూ ఉన్నారన్నమాట. ఆ పెళ్ళి ఆగిపోయింది గానీ, ఆరు చేతులతో గిన్నెలు తోమించవచ్చు కదా అని నాకు ఒక్క క్షణం ఆశ పుట్టింది.

పీటర్‌కీ మేరీ జేన్‌కీ 1987లో పెళ్ళయింది. న్యూయార్కులో షే స్టేడియంలో, ఆ ఏడాది జూన్ 5న, వేలమంది బేస్‌బాల్ ప్రేక్షకుల మధ్య వేషాలు వేసిన నటులతో పెళ్ళి జరిపించారు. స్పైడర్‌మాన్ సృష్టికర్తల్లో ఒకరైన స్టాన్ లీ స్వయంగా పురోహితుడు. ఇంత ఆర్భాటంగా చేసిన పెళ్ళిని 2007లో రద్దు చేశారు. ఎలాగో వినండి. పీటర్ కోసం పేల్చిన గుండు మే పెద్దమ్మకి తగులుతుంది. ఆవిడ చావుబతుకుల్లో ఉంటే మెఫిస్టో అనే సైతాను వచ్చి, "మీ పెద్దమ్మని బతికిస్తాను, బదులుగా మీ పెళ్ళి ఇచ్చెయ్యండి. అది జరిగినట్టు మీకే గుర్తుండదు" అంటాడు. వీళ్ళు సరేనంటారు.

మనకి సావిత్రి కథ తెలుసు. ఆవిడా యముడితో బేరమాడింది. మొదటి వరంతో మామగారికి కళ్ళు తెప్పించింది. తరవాత రాజ్యం. చివరికి మొగుణ్ణీ తెచ్చుకుంది. చేతిలోది ఏదీ వదల్లేదు. అత్తవారిని బతికించుకోవాలంటే కాపురం వదులుకోవాలన్న లెక్క ఆవిడకి తట్టనేలేదు, ఎందుకంటే అది ఆడవాళ్ళు వేసే లెక్క కాదు. పెద్దమ్మా భార్యా రెండు తక్కెడల్లో కూర్చోబెట్టి, ఒకరు ఉండాలంటే ఇంకొకరు పోవాలనడం చదువుతుంటే, ఇది సైతాను పన్నాగమా, ఎడిటర్ పన్నాగమా అనిపించింది. ఎడిటర్‌దేనని లోకమంతటికీ తెలుసు. బొమ్మలు వేసిన జో కెసాడాగారే అప్పుడు మార్వెల్ కంపెనీ ప్రధాన సంపాదకుడు. పెళ్ళయిన స్పైడర్‌మాన్ యువకుడిలా కనిపించడనీ, విడాకులిప్పిస్తే ఇంకా పెద్దవాడైపోతాడనీ ఆయన వాదన. రాసిన స్ట్రాజిన్‌స్కీగారికే ఆ ముగింపు నచ్చలేదు. విడాకులు తప్పనుకున్న కంపెనీకి సైతానుతో బేరం ఒప్పనిపించింది! ఇరవై ఏళ్ళు ఆ ఇంటి సంగతులు చదువుతూ పెరిగిన ఆడపిల్లలు ఏమనుకుంటారని ఎవరికీ తోచలేదు. మరి మే పెద్దమ్మకి తెలిస్తే? ఆవిడ నాకు తెలిసినంతలో, మంచం మీంచి లేచి సైతాను నెత్తిన అట్లపెనం పెట్టి ఉండేది.

బాట్‌మాన్‌ని వదిలేశారేమండీ అంటారేమో. 2018లో ఆయనకీ కాట్‌ఉమన్‌కీ పెళ్ళని ఏడాదిపాటు ఊరించి, యాభయ్యో సంచికలో పెళ్ళికూతురు రాకుండా చేశారు. ఆయన సుఖంగా ఉంటే బాట్‌మాన్‌గా ఉండలేడని ఆవిడ త్యాగం చేసిందిట. ఇంకోసారి అదే పాట కాబట్టి ఇంతటితో సరి. మనవాళ్ళే నయం. 1980లో రామారావుగారు వేసిన తెలుగు 'సూపర్‌మేన్' సినిమాలో శక్తులిచ్చింది ఆంజనేయస్వామి. ఇచ్చినాయన ఆజన్మ బ్రహ్మచారి, పుచ్చుకున్నాయనకి పాటలకీ హీరోయిన్‌కీ ఏ లోటూ లేదు.

2024 జనవరిలో అదే మార్వెల్‌వారు ఇంకో స్పైడర్‌మాన్ పుస్తకం మొదలుపెట్టారు. రచన జోనథన్ హిక్‌మన్, బొమ్మలు మార్కో చెక్కెట్టో. ఈ పీటర్‌కి ముప్పై అయిదేళ్ళుంటాయి, కాస్త గడ్డం కూడా. మేరీ జేన్ భార్య, ఇద్దరు పిల్లలు. సాలెపురుగు శక్తి ఇతనికి సంసారంలో పడ్డాక వస్తుంది. మొదటి సంచిక చాలక, మళ్ళీ మళ్ళీ అచ్చు వెయ్యవలసి వచ్చింది. పాత పుస్తకంలో చెరిపేసిన పెళ్ళి అలాగే ఉండిపోయింది. మా మనవడు రెండూ తెచ్చి బల్ల మీద పెడితే, పిల్లలున్న ఇంటి పుస్తకమే నేను ముందు తీశాను. వాడు కాఫీ కలపడానికి లేచాడు.